ఇంటిచదువు - చేతివ్రాత : తెలుగునాట వర్ణక్రమము నేర్పిన తీరులు

గత సంవత్సరము మాకొక యుత్తరము వచ్చినది. వ్రాసినవారు ఒక గృహిణి. తన కుమారుని బడికి పంపక యింటనే తాను చదివించుచున్నారు. బాలునికి తొమ్మిదేండ్లు. విన్న కథను మఱునాడు పొల్లుపోకుండ చెప్పగలడు. శతకపద్యములు నలువదియేబది నోటికి వచ్చును. నోటిలెక్కలలో తండ్రిని మీఱును. కాని కాగితముపై రెండు వాక్యములు వ్రాయుమన్నచో కన్నీరు పెట్టుకొనును. 'పిల్లలు' అను మాటను ఒకమాఱు 'పిలలు' అని, ఒకమాఱు 'పిలల్లు' అని, వేఱొకమాఱు 'పిల్లులు' అని వ్రాయును. నిన్న సరిగా వ్రాసినదానిని నేడు తప్పును. ఆమె మమ్ము చికిత్స యడుగలేదు. పూర్వము మన యిండ్లలో పిల్లలచే అక్షరములు దిద్దించిన పెద్దలు ఇట్టివారి విషయమున ఏమి చేసెడివారని మాత్రమే యడిగిరి.

మేము వెంటనే బదులు వ్రాయజాలకపోతిమి. తెలుగుదేశపు విద్యాచరిత్రను వ్రాసినవారు బడులను లెక్కించిరి. పంతుళ్ళ రాబడిని లెక్కించిరి. ఏ కులమువా రెందఱు చదివిరో లెక్కించిరి. చేతికి వ్రాత పట్టుబడని పిల్లవాడు ఆ లెక్కలలో ఒక యంకెగా మాత్రమే నిలిచినాడు. వానిని ఆ యంకెలోనుండి బయటికి పిలుచుటకు వీలగునా యని చూచుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగా ఆ యంకెలనే చూతము. 1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని జిల్లాలన్నిటినుండియు పాఠశాలల వివరములు తెప్పించెను. కలెక్టర్ల నివేదికలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చి 10వ తేదీన తన యభిప్రాయమును వ్రాసెను. 1,28,50,941 మంది జనులకు 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. అనగా 67 మందికి ఒక్కడు. ఈ లెక్కను పలువురు ఎత్తి చూపుదురు. మాకు ముఖ్యమైనది దానిప్రక్కనున్న వేఱొక యంకె. మద్రాసు పట్టణమున ఇండ్లయందే చదువుకొనుచున్న పిల్లలు 26,963 మంది యని అక్కడి కలెక్టరు తెలిపెను. ఇది ఆ పట్టణపు బడులలోని పిల్లల సంఖ్యకు అయిదు రెట్లకంటె ఎక్కువ. మన్రో దీనిని పూర్తిగా నమ్మలేదు. లెక్కలో ఏదో పొరపాటు దొరలియుండునని తలచెను. అయినను బంధువులచేతనో సొంతపంతుళ్ళచేతనో పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పించు నలవాటు దేశమున ఎల్లెడల కలదని యంగీకరించి, బడియీడు మగపిల్లలలో చదువుకొనువారు నాలుగవవంతుకంటె మూడవవంతునకే దగ్గఱగా నుందురని యెంచెను.

1983లో ధరంపాల్ ఈ నివేదికలను 'ది బ్యూటిఫుల్ ట్రీ' యను గ్రంథమున సంపుటీకరించి ప్రకటించిన నాటినుండి ఈ యంకెలపై వాదము ఆగలేదు. ఆంగ్లేయులు రాకపూర్వము దేశమంతయు చదువులతో వెలిగినదని యొకరు, ఆ చదువు నామమాత్రమని యొకరు. ఉభయులును ఇంటిచదువును తమ తక్కెడలో వేసికొనుటకో తీసివేయుటకో చూచిరేగాని, ఆ యింటిలో ఏమి జరిగినదని విచారింపలేదు. ఇప్పుడు పిల్లలను ఇంటనే చదివించు తలిదండ్రులను చూచి ఇదేదో సీమనుండి దిగిన క్రొత్తవింత యనుకొనువారు కలరు. రెండువందల యేండ్లక్రిందట ఒక కలెక్టరు దానిని లెక్క కట్టవలసినంత పెద్దదిగా కనుగొనెనని వారికి గుర్తుచేసిన చాలును.

ఇంటి లోపలికి పోవుటకు మనకు తిన్నని దారి లేదు. వీధిబడి అరుగుమీదుగా పోవలయును. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన వ్రాసిన నివేదిక యిందుకు ఆధారము. ఈయన కేవలము పన్ను వసూలుచేసిన యధికారి కాడు. 1816లో తెలుగునకు వ్యాకరణమును, 1821లో నిఘంటువును ప్రకటించిన భాషావేత్త. కావున ఇతర జిల్లాలవారు పట్టికలు పంపి యూరకుండగా, ఈయన పిల్లవాని చేతివ్రేలివఱకు వర్ణించెను. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమును చేరియుండెను. అనంతపురము వేఱుజిల్లా యైనది 1882లో. క్యాంబెల్ లెక్కించిన 533 బడులలో 226 తెలుగువి, 235 కన్నడమువి. పిల్లలు 6,641 మంది. అందు ఆడపిల్లలు 60 మందియే.

అయిదవయేట పిల్లవానిని చదువునకు వేయునాడు, బడికి పంపుటకు ముందు, పంతులును తోడిపిల్లలును వాని యింటికి వత్తురు. గణపతి యెదుట కూర్చుండబెట్టి, పంతులు ప్రక్కనుండి చేయి పట్టుకొని బియ్యములో వ్రేలితో దేవతానామములు వ్రాయించును. కావున మొదటి వ్రాత ఇంటిలోనే. మఱునాడు బడి. అక్కడ పిల్లవాడు అక్షరములను నోట వల్లించి నేర్చుకొనడనియు, నేలపై ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చుకొనుననియు, ఐరోపాదేశములలోని పద్ధతికి ఇది భిన్నమనియు క్యాంబెల్ ప్రత్యేకముగా చెప్పుచున్నాడు. ఇసుకలో చేయి తిరిగిన తరువాతనే తాటాకుమీద గంటముతోనో, కాగితముమీద కలముతోనో, పలకమీదనో, కడితముమీదనో వ్రాయుటకు అర్హత వచ్చును. ఆ జిల్లాలో పలకయు కడితమును ఎక్కువ వాడుక. పలక యనగా మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్క. నునుపుచేసి అన్నమును బొగ్గుపొడియు పూసినచో వ్రాతకు సిద్ధమగును. కడితము గంజిపెట్టి బిగియించిన గుడ్డ. పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులును కలిపి పూసెదరు. రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును.

ఈ సామగ్రిని చవుకయని మెచ్చినవారు కలరు. క్యాంబెల్ కూడ చవుకతనమునే మెచ్చెను. మాకు తోచుచున్నది వేఱు. ఇసుక, బియ్యము, పలక, కడితము - ఇవి యన్నియు తప్పును నిలువనీయని వస్తువులు. ఇసుకలో తప్పు వ్రాసిన పిల్లవాడు అఱచేతితో ఒకమాఱు సరిచేసినచో ఆ తప్పునకు సాక్ష్యము లేదు. కాగితముమీది తప్పు అట్టిది కాదు. అది సాయంకాలమువఱకు ఉండును, తండ్రి యింటికి వచ్చి చూచువఱకు ఉండును, ఎఱ్ఱసిరాతో సున్నచుట్టబడి సంవత్సరాంతమువఱకు ఉండును. మనకు ఉత్తరము వ్రాసిన తల్లి కుమారుడు కన్నీరు పెట్టుకొనునది కాగితము ముందటనని మఱవరాదు.

ఆకాలపు ఇంటిచదువు నివేదికలలో కనబడకున్నను మన భాషలో కొన్ని గుర్తులు విడిచిపోయినది. 'ఓనమాలు' అను మాట అక్షరమాలకు పేరైనది దేవతానమస్కారముతో ఆరంభించుటచేత. 'గుంటఓనమాలు' అన్నప్పుడు ఆ గుంట నేలమీద వ్రేలితో పడిన గుంటయే. గురువు వ్రాసియిచ్చిన పై పంక్తి 'ఒజ్జబంతి', 'మేలుబంతి'. దానిని చూచి వ్రాయుట 'ఒరవడి'. ఇవి నేడు కవుల వ్యాసములలో అలంకారములుగా మాత్రమే మిగిలినవి. వీనియన్నిటిలో మాకు మిక్కిలి యాశ్చర్యము గొలుపునది 'దిద్దు' అను క్రియ. వ్రాసియున్న అక్షరముమీద పిల్లవాడు మరల మరల వ్రేలు త్రిప్పుటయు దిద్దుటయే. తప్పును పెద్దవారు సరిచేయుటయు దిద్దుటయే. బొట్టును దిద్దుదురు; బిడ్డను తీర్చిదిద్దుదురు. అక్షరము నేర్చుటకును తప్పు సవరించుటకును భాష ఒక్కమాటనే యిచ్చినది. కాలక్రమమున మొదటి యర్థమున దిద్దువాడు పిల్లవాడు కాగా, రెండవ యర్థమున దిద్దువాడు ఉపాధ్యాయుడైనాడు. బడులలో నేడు మిగిలినది చాలవఱకు రెండవ దిద్దుటయే.

గుణింతపు గుర్తుల పేర్లును ఇట్టివే. తలకట్టు, గుడి, కొమ్ము, వట్రసుడి, క్రావడి - ఇవి వ్యాకరణపరిభాషవలె వినబడుటకంటె పిల్లవాని కంటికి తగిలిన బొమ్మల పేర్లవలె వినబడును. 'క'కు గుడి నిచ్చిన 'కి', కొమ్ము నిచ్చిన 'కు' అని పాడుచు వ్రాయునప్పుడు చెవి, కన్ను, చేయి మూడును ఒక్క పనిలో నుండును. ఈ పాట ఇంటింట ముసలమ్మలకును తెలియును. వ్రాయుట రాని పెద్దమ్మకును కొంత తెలియును.

అయితే ఇంతటితో పాతబడిని పొగడి ముగించుట చరిత్రకు ద్రోహము. క్యాంబెల్ నివేదికలో బడి ప్రొద్దుట ఆఱుగంటలకు ఆరంభమగును. మొదట వచ్చిన పిల్లవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లే వరుసగా. చదువులో వెనుకబడినవానికి బెత్తపు దెబ్బలు, కప్పునకు కట్టిన కప్పీనుండి రెండుచేతులను కట్టి వ్రేలాడదీయుట, ఎడతెగక గుంజిళ్ళు తీయించుట. మన పెద్దలు కోదండమని చెప్పుకొని నవ్వుకొనెడిది ఇదియే. నవ్వినవారు దానిని దాటి వచ్చినవారు; దాటలేనివారు చెప్పుకొనుటకు మనముందునకు రాలేదు. అక్షరము చేతికి రాని పిల్లవానికిని సోమరికిని భేదమును ఆ పంతులు ఎట్లు గుర్తించెను? గుర్తింపలేదనియే మా యభిప్రాయము. అయిదేండ్లకే కొందఱు చదువు మానుదురనియు, కొందఱు పదునాలుగు పదునైదేండ్లు కొనసాగింతురనియు క్యాంబెల్ వ్రాసెను. పేదఱికముచే మానినవారే యెక్కువ. కాని వారిలో వ్రాతకు ఓడి మానినవారును తప్పక యుండిరి. ఇంకొక మాట. నోటికి వచ్చిన పద్యములకు అర్థము తెలియక పిల్లలు చిలుకలవలె వల్లించుచున్నారని క్యాంబెల్ ఆక్షేపించెను. వ్రాత రాని పిల్లవానికి ఈ వల్లెవేయుటయే శరణ్యమై యుండును. మంచి జ్ఞాపకశక్తి వ్రాతలోని లోపమును ఎన్నియేండ్లయినను కప్పిపుచ్చగలదు.

పాతబడిలో మేలైన గుణము ఒకటి యున్నది. అది పంతులు తలపెట్టి చేసినది కాదు. పిల్లలను సామాన్యముగా నాలుగు వర్గములుగా విభజించి, వయసును బట్టిగాక పట్టుబడిన చదువును బట్టి ఒకదానినుండి వేఱొకదానికి పంపుచుండిరి. ఇసుక విడుచుటకు ఇన్ని నెలలని నియమము లేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుచుండిరి. మద్రాసులోని సైనికుల యనాథబాలుర ఆశ్రమమున 1789నుండి పనిచేసిన ఆండ్రూ బెల్ ఇసుకలో వ్రాయు పిల్లలను చూచి, ఆ రీతిని తన పిల్లలకు పట్టించి, 1797లో ఇంగ్లండున గ్రంథము ప్రకటించెను. ఆ దేశమున అది 'మద్రాసు పద్ధతి' యను పేరనే వ్యాపించినది. అక్కడ పిల్లలు ఇసుకపళ్ళెములలో వ్రాయుచుండగా, ఇక్కడ ప్రభుత్వ సహాయము పొందిన బడులలో ఇసుక క్రమముగా మాయమైనది. ఇది మన విద్యాచరిత్రలోని చిన్న వింత.

ఇక వర్ణక్రమము. పిల్లవాడు తప్పు వ్రాసెనన్నప్పుడు ఒప్పు ఏదని యడుగవలయును గదా. పిల్లలను దండించినంత నిశ్చయముగా మన పూర్వులు ఒప్పును నిర్ణయించుకొనలేదు. ప్రాచీన శాసనములలో ఎ-ఏలకును, ఒ-ఓలకును లిపిలో భేదము లేదు. చదువువాడు సందర్భమును బట్టి గ్రహింపవలెను. గ్రామకరణముల కవిలెలలో గొలుసుకట్టు వ్రాత మాటకు మాటకు ఎడము లేక పోవుచుండును. కరణము కుమారుడు ఇంటనే తండ్రి ప్రక్కన కూర్చుండి ఆ వ్రాతను నేర్చినవాడు. వాని వర్ణక్రమము ఆ యింటి వర్ణక్రమము. వలపలగిలక వాడిన రోజులలో 'ధర్మము' అను మాటలోని రేఫధ్వని ముందు పలుకబడి గుర్తు వెనుక వ్రాయబడెడిది. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ వ్రాతప్రతులను సేకరించునప్పుడు ఒక్కొక్క కావ్యమునకు పెక్కుప్రతులు తెప్పించి పండితులచేత పోల్చి చూపింపవలసి వచ్చెను. లేఖకులు పొరపడని తాళపత్రము అరుదు. ఆ లేఖకులు పనిని ముగించి, నడుము విఱిగి మెడ వంగి కష్టపడి వ్రాసితిమనియు, చూచినది చూచినట్లు వ్రాసితిమనియు, తప్పులున్నచో క్షమింపుడనియు చివర ప్రార్థించుట పరిపాటి. మన గ్రంథసంపదయంతయు క్షమాపణలు వేడిన చేతులమీదుగా వచ్చినదే.

పందొమ్మిదవ శతాబ్దమున మూడు మార్పులు ఒకదానివెంట నొకటి వచ్చినవి. అచ్చు ఒక్క రూపమును నిలిపినది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము ఏది గ్రాహ్యమో ఏది కాదో స్పష్టముగా శాసించినది. 1860 దశాబ్దమునుండి పరీక్షాఫలితములనుబట్టి బడులకు సహాయద్రవ్యమిచ్చు పద్ధతి మద్రాసు రాజధానిలో ప్రవేశించినది. ఈ మూడవదానిని సాహిత్యచరిత్రకారులు పట్టించుకొనరు. కాని పిల్లవానిని నేరుగా తాకినది అదియే. పరీక్షాధికారి యెదుట పిల్లవాడు తప్పు వ్రాసినచో పంతులు రాబడికి లోటు. పంతులు కోపమునకు కడుపుమంట తోడైనది.

అరసున్నయు, శకటరేఫమును మాటలాడువాని నోటలేక వ్రాయువాని చేతిలోనే మిగిలిన యక్షరములు. వానిని ఎక్కడ వ్రాయవలెనో చెవి చెప్పదు, ధారణయే చెప్పవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863-1940) వ్యావహారికభాషావాదమును నడపినప్పుడు ఎదుటివారి శాస్త్రముతో మాత్రమే పోరాడలేదు. గ్రాంథికమే వ్రాయవలెనని పట్టుపట్టిన పండితుల గ్రంథములనే తీసికొని అందలి తప్పులను ఏర్చి చూపెను. దీనిలో కొంత కొంటెతనము లేకపోలేదు. కాని తర్కము బలమైనది: జీవితమంతయు ఈ భాషకే ధారపోసినవారు తప్పక వ్రాయలేనప్పుడు, పదేండ్ల పిల్లవానిని తప్పులకై శిక్షించు ధర్మమెక్కడిది? 1914లో గురజాడ అప్పారావు సమర్పించిన అసమ్మతిపత్రమును, ఆ సంవత్సరముల వాదమంతయు సాహిత్యవాదముగా మనము చదువుచున్నాము. మూలమున అది తరగతిగదిలోని వాదము. గిడుగువారు సవరభాష నేర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువుచెప్పు బడులను తమ ఖర్చుతో పెట్టించుటయు ఈ వాదమునకు తోబుట్టువే. ప్రస్తుతవ్యాసమున మేము అరసున్నలను విడిచి శకటరేఫములను ఉంచితిమి. ఈ రెండవదానిలోనైన ఎన్నిచోట్ల తప్పితిమో పండితులే లెక్కింపవలెను.

ఇంటిచదువునకు మఱియొక ముఖమున్నది. బళ్ళారి నివేదికలోని 60 మంది ఆడపిల్లలను దాటి, స్త్రీలు అక్షరము నేర్చినది ఎక్కువగా ఇంటనే. భండారు అచ్చమాంబ (1874-1905) విషయము చాలవఱకు తెలిసినది. పదేండ్లప్రాయమున వివాహమై భర్తతో మధ్యపరగణాలలో నివసించినప్పుడు తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆ యింటనే యుండి చదువుకొనుచుండెను. తమ్మునితోపాటు ఆమె తెలుగును హిందీని నేర్చుకొనెను. తరువాత మఱికొన్ని భాషలను. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిన చేయి ఏ పాఠశాలలోను చేర్చుకొనబడిన చేయి కాదు. ఆమెకు చదువు పెట్టినవారెవరును లేరు. ఇంటిలో పుస్తకము తెఱచియుండుటయే ఆమె బడి. కాని యొకమాట చెప్పక తప్పదు. అచ్చమాంబవంటివారినిబట్టి ఇంటిచదువును తూచుట, గెలిచినవారినిబట్టి పందెమును తూచుటవంటిది. ఇంటిలో నేర్పువాడు లేక, తమంత తాము నేర్వలేక, అక్షరమునకు అవతలనే నిలిచిపోయిన యాడపిల్లలు ఆ తరమున లక్షలు.

1896వ సంవత్సరము నవంబరులో ప్రింగిల్ మార్గన్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ వైద్యపత్రికలో ఒక పదునాలుగేండ్ల బాలునిగూర్చి వ్రాసెను. బాలుడు తెలివైనవాడు, లెక్కలు చక్కగా చేయును, కంటిచూపు మంచిది. ఏడేండ్లనుండి చదువు చెప్పుచున్నను చదువుట వ్రాయుట రాలేదు. పెర్సీ యను తన పేరులోని అక్షరములనే తాఱుమాఱు చేసి వ్రాసి, చెప్పువఱకు గమనింపలేదు. చదువంతయు నోటిమాటతోనే సాగినచో బడిలో ఇంతటి చుఱుకైనవాడు వేఱొకడుండడని వాని యుపాధ్యాయుడే చెప్పెను. ఈ వాక్యమును చదివినప్పుడు మాకు ఆ తల్లి యుత్తరము జ్ఞప్తికి వచ్చినది. కప్పీనుండి వ్రేలాడిన బళ్ళారి పిల్లలును జ్ఞప్తికి వచ్చిరి. నేడు మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి యభ్యసనలోపమును గుర్తించినది. గుర్తించుటకు కప్పీ నాటినుండి రెండు శతాబ్దములు పట్టినది.

ఇంకొక పోలికయు చూపవలసియున్నది. అమెరికాలో గ్రేస్ ఫెర్నాల్డ్ అను విదుషి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెల్స్ శాఖలో 1921లో నెలకొల్పిన పాఠశాలలో ఇట్టి పిల్లలకు వ్రాత నేర్పి, 1943లో తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. పిల్లవాడు కోరిన మాటను పెద్దయక్షరములతో వ్రాసియిచ్చి, వానిచేత దానిని పలికించుచు వ్రేలితో దిద్దించెడివారు. చూడకుండ వ్రాయగలుగువఱకు ఎన్నిమాఱులైనను దిద్దవచ్చును. తరువాత వాడు తన కథనే వ్రాయును. ఒజ్జబంతియు, వ్రేలును, నోటిపలుకును - మూడును ఇక్కడ ఉన్నవి. అయినను మన పంతుళ్ళు ఈ శాస్త్రమును ముందే యెఱుగుదురని చెప్పుకొనుట తగదు. వారు అందఱు పిల్లలకును ఇసుకనే యిచ్చిరి, కాగితము కొనలేక. ఫెర్నాల్డ్ అవసరమైన పిల్లవానికి ఎఱిగి యిచ్చినది. పద్ధతి ఒక్కటియైనను పిల్లవానిని చూచు చూపు వేఱు.

తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కును కూడ చెప్పవలెను. 'భక్తి' యన్నప్పుడు చెవికి క-కారము, త-కారము, ఇ-కారము అను వరుస వినబడును. చేయి మాత్రము 'క'కు గుడి నిచ్చి, అటుపిమ్మట క్రింద తకారపు వత్తు చేర్చును. చివర వినబడినది ముందు వ్రాయబడుచున్నది. 'పిల్లలు'లో మొదటి లకారమునకు వత్తు చేర్చవలయునో రెండవదానికి చేర్చవలయునో తేల్చుకొనలేని పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. నిజమైన చిక్కునొద్దనే నిలిచినవాడు. సోదరలిపియైన కన్నడమును నేర్చు పిల్లలపై సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరములన్నియు పట్టుబడుట మొదటి రెండుతరగతులలో ముగియదనియు, మూడు నాలుగు తరగతులవఱకు సాగుననియు చూపినది. ఇరువదియాఱు అక్షరముల భాషకు ఏర్పఱచిన గడువును వందలకొలది గుణింతరూపములు, వాటిపై సంయుక్తాక్షరములు గల భాషకు పెట్టి, తొమ్మిదేండ్ల పిల్లవానిని వెనుకబడినాడనుట మన తొందరపాటు.

ఆ తల్లికి తుదకు ఈ విధముగా వ్రాసితిమి. వెడల్పైన పళ్ళెములో బియ్యపురవ్వ పోసి, రోజునకు రెండేమాటలు, బాలుడు తాను కోరిన మాటలు, పెద్దగా పలుకుచు వ్రేలితో వ్రాయనిండు. వత్తుగల మాటను తాళమువేసి రెండుముక్కలుగా పలికించి, వత్తు వినబడిన తావున ఆపి వ్రాయింపుడు. చెఱిపివేయుట వాని చేతిలోనే యుండనిండు. వాడు చెప్పు కథలను మీరు వ్రాసిపెట్టుడు. కవి చెప్పగా వేఱొకడు వ్రాయుట మన సంప్రదాయమున చిన్నతనము కాదు, గంటము పట్టినవాడే కవి కానక్కఱలేదు. మీరు వ్రాసిన వాని కథయే వానికి ఒజ్జబంతి యగును. చదువుటలోను ఇట్టి చిక్కే కనబడినచో తెలిసిన వైద్యునిచేత పరీక్ష చేయింపుడు. దానికి మేము చాలము.

నాలుగునెలలకు బదులు వచ్చినది. బాలుడు చెప్పగా తల్లి వ్రాసిన కోతికథ ఏడు పుటలు. దానితోపాటు వాడే పెన్సిలుతో వ్రాసిన నాలుగు పంక్తుల కాగితము. అందులో తొమ్మిది తప్పులున్నవి. 'పిల్లలు' అను మాట రెండుమాఱులు వచ్చినది. ఒకచోట సరిగానున్నది, ఒకచోట వత్తు క్రింద తుడిచిన మచ్చ కలదు.